నిద్రలో తీసిన బస్కీలు

1. సోమవారం

తాలింఖానా దినచర్య. రాస్తున్నది లెంక సూరప్పడు. ఇదివరకు గోడ ముందు నిలబడి చెబితే గోడే రాసుకునేది. గోడ విన్నది ఇంకెవరికి చెబుతుందో నాకు తెలియదు. అందుకని ఇవాళ్టి నుంచి కాగితం మీద నా చేత్తో రాస్తున్నాను. నాకు వచ్చిన అక్షరాలు కొన్నే. అవి చాలు.

ఈవేళ తాలింఖానాకి ఒక్కరూ రాలేదు. పొద్దున్నే ఆంజనేయుడి పటం తుడిచాను. రబ్బరు తాళ్లు లాగి చూశాను. సంగిడి రాళ్లు వరసలో పెట్టాను. కింద భూమ్మీదైతే ఆ రాళ్లలో చిన్నదాన్ని ఎత్తాలన్నా ఇద్దరు కావాలి. ఇక్కడ చందమామ మీద చంటిపిల్లలా చంకనేసుకుని తిరగొచ్చు. అదే ఇక్కడి జబ్బు. ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, మనిషి సుఖంగా ఉన్నాననుకుంటాడు, లోపల ఎముక చెరుకు పిప్పి అవుతుంది. అందుకే మంచు గని తెరిచిన నాడే ఈ తాలింఖానా కూడా తెరిచారు. ప్రతి మనిషీ షిఫ్టు దిగాక ఇక్కడికి వచ్చి చెమట కక్కి వెళ్లాలని కట్టడి చేశారు. ఆ కట్టడికి కాపలా నేను.

ఇప్పుడు చొక్కాలు వచ్చాయి. కంపెనీ పంపిన కొత్త డాక్టరమ్మ హైమవతి తెచ్చింది. చొక్కా అంటే పైనుంచి కిందిదాకా ఒకటే కుట్టు, లాగూతో సహా. పడుకునేటప్పుడు తొడుక్కుంటే తెల్లారేదాకా కండల్ని పిండుతూ వదులుతూ ఉంటుందట. మనిషికి మెలకువ రాదట. లేచేసరికి బస్కీలు, దండీలు అన్నీ అయిపోయి ఉంటాయట. కండ ఎంత కష్టపడిందో గది తలుపు మీద రంగులో తెలుస్తుంది. పచ్చ అంటే బాగున్నట్టు. తలుపు పచ్చగా ఉన్నవాళ్లు తాలింఖానాకి రానక్కర్లేదు.

నిద్రపోయి ఒళ్లు పెంచినవాళ్లను చూశాను గానీ, కండ పెంచినవాళ్లను నా జన్మలో చూడలేదు.

మధ్యాహ్నం ఒక కాగితం కూడా వచ్చింది. భూమి నుంచి ఓడ వచ్చే నాటికి తాలింఖానా ఖాళీ చేసి సామాన్ల కొట్టుకి ఇవ్వాలని. అప్పుడు నాకు కొంత అర్థమైంది. వాళ్లకి కావలసింది నా చోటు. చొక్కాలు ఒక సాకు.

సాయంత్రం అసిరితల్లి వచ్చింది. మంచు తవ్వే పెద్ద డ్రిల్లు బండి నడిపేది ఈ పిల్లే. ఈ ఓడకే దిగిపోతున్నానని చెప్పడానికి వచ్చింది. కంపెనీతో నీ గడువు ఇంకో ఏడాది ఉండాలి కదా అన్నాను. ఓవర్‌టైం చేసిన షిఫ్టులన్నీ గడువులో కలిపారట, అందుకే ముందే తీరిపోయిందట. కింద భీమిలిలో మొగుడు నూకరాజు, కొడుకు తవుడు ఉన్నారు. తవుడికి ఏడాది నిండగానే ఈ పిల్ల ఇక్కడికి వచ్చేసింది, ఇప్పుడు వాడికి ఐదేళ్లు. సంతోషించాను.

కానీ ఒకటి చూశాను. తాలింఖానాలో అడుగుపెట్టినవాళ్లు పటం ముందు గొంతుక్కూర్చుని, నేను లెమ్మంటే లేవాలి. ఆమె గోడకి ఆనుకుని నిలబడే దండం పెట్టింది. మోకాలు పట్టేసిందట. తలుపు పచ్చగా ఉన్న మనిషికి మోకాలు ఎందుకు పడుతుంది?

2. బుధవారం

నిన్నా ఇవాళా అసిరితల్లిని కనిపెట్టి చూశాను. కూర్చునేటప్పుడు ముందు చేత్తో ఏదో ఒకటి పట్టుకుంటోంది. లేచేటప్పుడు కూడా. చందమామ మీద పుట్టెడు బరువు మోసే మనిషికైనా కుర్చీ చెయ్యి పట్టుకుని లేవాల్సిన పని లేదు.

గని నుంచి లోపలికి వచ్చేవాళ్లు గాలి గదిలో ఆగాలి. బయటి తలుపు మూసి, గాలి నిండాక లోపలి తలుపు తీస్తారు. అంతసేపూ మనిషికి పని లేదు. అద్దంలోంచి చూస్తే అసిరితల్లి నిలువుగా రాయిలా ఉంది. తలుపు తీశాక, ఒంటి మీద దుమ్ము మతాబుల వాసన కొడుతుండగానే ఎదురెళ్లి ఒక మాట చెప్పాను. నీ రోజు నేను చూశాను, అందులో కసరత్తుకి చోటు లేదని నువ్వు అనుకుంటున్నావు, ఉంది. గాలి నిండేదాకా బస్కీలు తియ్యి. వంటింట్లో నీ వంతు పడ్డప్పుడు అన్నం ఉడికేదాకా తియ్యి. కొడుకుతో మాట్లాడేటప్పుడు భూమి నుంచి వాడి జవాబు వచ్చేలోపు ఒకటి తియ్యి. ముక్కలు ముక్కలుగా అయినా ఒంటికి లెక్కే.

ఆమె నెత్తి మీది టోపీ తీసి నా వైపు చూసింది.

"తాతా, ఆ గాలి గదిలో నాను నిలబడి నిద్దరోతన్నాను. అది కూడా లాగేసుకుంటావేటి?"

నేను ఊరుకోలేదు. ఓడ దిగితే భూమి ఎవరినీ అడగదు, కాళ్లు ఉన్నాయా లేవా అనే చూస్తుంది అన్నాను.

"నా తలుపు పచ్చగా ఉన్నాది. డాక్టరమ్మకి నేని బెంగ నీకెందుకు?" అని వెళ్లిపోయింది. వెళ్లింది గది వైపు కాదు. టీ తాగి మళ్లీ బండి దగ్గరికే. రెండో షిఫ్టు.

తలుపు నేనూ వెళ్లి చూశాను. పచ్చగానే ఉంది. లేత అరిటాకంత పచ్చగా. ఎవరు వేశారో ఆ రంగు, ఎందుకు వేశారో తెలుసుకోవాలి.

3. గురువారం

డాక్టరమ్మ గదికి వెళ్లాను. ఆమె తెనాలి వైపు మనిషి. మర్యాదగానే కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను. మీ చొక్కా దొంగ లెక్క చెబుతోంది, అసిరితల్లి కాళ్లలో సత్తువ లేదు, మీరు కంపెనీ కోసం తలుపుకి పచ్చ రంగు పూస్తున్నారు అన్నాను.

ఆమెకి కోపం వచ్చింది గానీ గొంతు పెంచలేదు. బల్ల మీద ఏవో గీతలు చూపించింది. అసిరితల్లి మంచం మీది చొక్కా ఇచ్చిన నాటి నుంచీ రోజూ పూర్తిగా పనిచేసిందట, ఒక్క రోజు కూడా నాగా లేదట. గీతలు ఎవరైనా గీస్తారు అన్నాను.

"సూరప్పడుగారూ, మీరు ఒక్కసారైనా తొడుక్కుని చూశారా?"

లేదన్నాను.

"తొడుక్కుని వచ్చి తిట్టండి. అప్పుడు వింటాను."

బీరువాలోంచి కొత్త చొక్కా తీసి ఇవ్వబోయింది. వద్దన్నాను. నా కోసం విడిగా తయారుచేసి పెట్టిన చొక్కా అయితే? వంటాయన దాలినాయుడి దగ్గరికి వెళ్లి అతని మంచం మీది చొక్కా అడిగి తెచ్చుకున్నాను. అతను నాకు రెండింతలు ఉంటాడు. అయినా తొడుక్కోగానే రబ్బరులా బిగుసుకుని నా ఒంటికి సరిపోయింది. ఎవరికైనా సరిపోయే గుడ్డ. అదీ నాకు నచ్చలేదు.

4. శుక్రవారం

చొక్కా పనిచేస్తుంది.

రాయడానికి మనసొప్పడం లేదు గానీ ఉన్నది రాయాలి. తొడలు సలుపుతున్నాయి. మొట్టమొదటిసారి బస్కీలు తీసిన కుర్రాడికి మర్నాడు ఎలా ఉంటుందో అలా ఉంది. ఈ వయసులో నా తొడలకి సలుపు తెప్పించిందంటే అది మామూలు గుడ్డ కాదు. నడవాలో డాక్టరమ్మ ఎదురై ఎలా ఉంది అని అడిగింది. ఫరవాలేదన్నాను. కుంటకుండా నడవడానికి కష్టపడ్డాను. ఆమె చూసి నవ్వుకుందని నా అనుమానం.

ఇప్పుడు ముడి ఇంకా బిగుసుకుంది. చొక్కా నిజం. తలుపు పచ్చ. అసిరితల్లి కాళ్లు మాత్రం లేవు. ఆమె చొక్కా కండల్ని పిండింది, ఆమె కండల్ని మాత్రం పిండలేదు. అయితే ఎవరివి?

5. ఆదివారం

ఇవాళ వంటింట్లో జరిగింది రాస్తాను.

బియ్యం కొట్టు తలుపుకి ఉన్న ఇనుప చక్రం దుమ్ము పట్టి బిగుసుకుపోయింది. దాలినాయుడు తిప్పాడు, కదల్లేదు. ఇంకొకడు వచ్చి ఇద్దరూ వేలాడారు. ఒళ్లు తేలికైన చోట వేలాడి లాభం లేదు, కాళ్లు నేలకి తన్ని తిప్పాలి, ఆ తన్నడానికి తొడ ఉండాలి. ఇంతలో పోలమ్మ కంచం పట్టుకుని వచ్చింది. ఆకుకూరల సొరంగంలో పూటకో గంట నీళ్లు పెట్టే పోలమ్మ. యాభై దాటిన మనిషి. కళ్లు సగమే తెరిచి ఉన్నాయి, జుట్టు చెదిరి ఉంది. కంచం ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో చక్రం పట్టి ఒక్క తిప్పు తిప్పింది. తలుపు తెరుచుకుంది. ఆవలించి, పప్పు వేయించుకుని వెళ్లిపోయింది.

దాలినాయుణ్ణి పక్కకి పిలిచాను. ఆమెకి విడిగా ఏం పెడుతున్నావని అడిగాను. అందరికీ పెట్టేదే అన్నాడు. నమ్మలేదు. గంజి గిన్నెలు కూడా మూత తీసి చూశాను.

పోలమ్మ సంగతి నాకు బాగా తెలుసు. ఆమె గడువు ఎప్పుడో తీరిపోయింది. కిందికి దిగేవాళ్లకి ఇదివరకు తాలింఖానాలో బరువుతో కూర్చుని లేచే కావిడి పరీక్ష ఉండేది. దాని కింద రెండుసార్లు కూలబడి, ఇంక ఇక్కడే చస్తానని ఒప్పేసుకున్న మనిషి. ఆమెకి ఇంత తొడ ఎక్కడిది?

ఆలోచిస్తూ ఆమె గది దాకా వెళ్లాను. తలుపు చూడగానే కాళ్లు ఆగిపోయాయి. అది అసిరితల్లి తలుపే.

ఇక్కడ మనిషికో మంచం లేదు. పగటి షిఫ్టు వాళ్లకీ రాత్రి షిఫ్టు వాళ్లకీ కలిపి ఒకే మంచం. ఒకరు లేచేసరికి ఇంకొకరు వచ్చి పడుకుంటారు. దాన్ని మంచం జోడీ అంటాం. జోడీలో ఒకరు ఓవర్‌టైంకి వెళితే రెండోవాళ్లు పని ఉంటే తప్ప లేవనక్కర్లేదు, పడుకునే ఉంటారు. వెచ్చగా ఉన్న మంచాన్ని ఖాళీగా వదలడం ఇక్కడ తప్పు. మొదటి నుంచీ ఉన్న పద్ధతి. చొక్కాలు తక్కువ వచ్చాయని మంచానికి ఒకటే ఇచ్చారు. ఆ మంచం మీద అయిన కసరత్తుని తలుపు ఇద్దరికీ చెరిసగం పంచుతుంది.

అసిరితల్లి మంచం జోడీ పోలమ్మ.

పోలమ్మని లేపి, ఆ పిల్ల కండ నువ్వు దొంగిలించావని మొహం మీదే అన్నాను. ఆమె మంచం మీద కూర్చుని కళ్లు నులుముకుంది.

"దొంగతనమేటన్నా. ఆ గుంట నాను బండిలోనే పడుకుంటాను, నువ్వు పడుకో పిన్నీ అన్నాది. మంచం కాళీగా ఒగ్గేస్తామేటి? పడుకున్నాను. పడుకుంటే సొక్కా తొడుక్కోమన్నారు, తొడుక్కున్నాను. నాకేటి తెలుసు?"

తరవాత చొక్కా మీద దుప్పటి కప్పుకుని గొంతు తగ్గించింది. తొడలు ఇలా అయిపోయాయని తనకీ సిగ్గుగానే ఉందట. పాత లంగాలు ఒక్కటీ పట్టడం లేదట. ఏదో జబ్బు అనుకుని ఎవరికీ చెప్పలేదట.

ఇద్దరు మనుషుల నిద్ర ఒక్కతే పోయింది. ఇద్దరు మనుషుల బస్కీలు ఒక్కతే తీసింది. తలుపు దాన్ని సగం చేసి అసిరితల్లి పేరున వేసింది.

6. మంగళవారం

అసిరితల్లికి చెప్పాను. నమ్మలేదు. రంగు అబద్ధం చెబుతుందా అంది. నేను చెబుతానా అన్నాను. అయితే కావిడి పెట్టమంది. పచ్చ తలుపు తనకి ధైర్యం.

కావిడి అంటే తవ్వకం గొట్టం. దాన్ని భుజాల మీద అడ్డంగా పెడతాం. అటు ముగ్గురు, ఇటు ఇద్దరు వేలాడతారు. ఇటువాళ్లలో ఒకడు దాలినాయుడు, అతనొక్కడే ఒకటిన్నర. తన ఒళ్లూ ఆ ఐదుగురూ కలిస్తే, భూమ్మీద ఆ మనిషి ఒక్క ఒంటి బరువు. దానితో గొంతుక్కూర్చుని లేవాలి. అంతే పరీక్ష.

అసిరితల్లి పటానికి దండం పెట్టి గొట్టం కిందికి వెళ్లింది. ఐదుగురూ పట్టుకున్నారు. మెడ నరాలు తేలాయి. నెమ్మదిగా కిందికి దిగింది. సగం దాకా బాగానే దిగింది. అక్కడి నుంచి మోకాళ్లు చెరో వైపు పోయాయి. లేవబోయింది. లేవలేదు. గొట్టం పక్కకి ఒరిగింది. ఇక్కడ పడడం కూడా నెమ్మదే. ఆరుగురూ గాలిలో పూరేకుల్లా తేలుతూ తేలుతూ నేల మీదికి వచ్చారు. దెబ్బ ఎవరికీ తగల్లేదు. నవ్వినవాళ్లు కూడా ఎవరూ లేరు.

ఆమె నేల మీద కూర్చుని తన కాళ్లని చూసుకుంటోంది, ఎవరివో అన్నట్టు.

"కింద నువ్వొక్కదానివే ఇంత బరువు," అన్నాను. "ఓడ తలుపు తియ్యగానే ఈ అయిదుగురూ నీ మీదికి ఎక్కుతారు. ఇంక దిగరు."

7. గురువారం

కిటికీలోంచి ఓడ కనిపిస్తోంది. ఇంకా చుక్కంతే ఉంది.

దిగేవాళ్ల కాగితం మీద డాక్టరమ్మ సంతకం ఒకటి, నా వేలిముద్ర ఒకటి ఉండాలి. చొక్కాలు వచ్చాక పరీక్ష తీసేశారు గానీ నా వేలిముద్ర చోటు తియ్యడం మరిచిపోయారు. అందరికీ వేశాను. అసిరితల్లి పేరు దగ్గర ఆగాను.

అసిరితల్లి వచ్చింది. ముందు మంచిగా అడిగింది. కింద ఆస్పత్రి ఉంటుంది, చక్రాల కుర్చీ ఉంటుంది, కొన్నాళ్లకి అదే లేస్తాను అంది. గవరయ్య సంగతి చెప్పాను. కావిడికి భయపడి నన్ను తప్పించుకుని దిగిన మనిషి. ఓడ దిగేచోట కుర్చీలోంచి లేవబోతే తుంటి విరిగింది. గుండె కూడా ఆ బరువులో నెత్తురు తోడలేకపోయింది. ఇల్లు చేరలేదు.

ఆమె విన్నది. వినీ మళ్లీ అడిగింది.

"తవుడు రోజూ అడుగుతన్నాడు తాతా, అమ్మా నువ్వొస్తే నన్నెత్తుకుంటావా అని. మళ్లీ ఓడ ఏడాదికి. అప్పటికి ఆడు ఎత్తుకోమని అడగడు. ఆ వయసు దాటిపోద్ది. నీ కాళ్లట్టుకుంటాను, ఏలు ముద్ర ఎయ్యి."

"ఎత్తుకోడానికి ఎల్తన్నావు కదే. దేంతో ఎత్తుకుంటావు?"

అప్పుడు ఆమె లేచింది. గోడ పట్టుకునే లేచింది.

"నీకు తాలింఖానా పోతాదని కడుపు మంట. సొక్కాలు పనికిరావని సెప్పడానికి నానొకర్తిని దొరికినాను. నన్ను అడ్డం ఎట్టుకుని నీ సోటు నిలబెట్టుకుంటన్నావు, ముసిలోడా."

ఇంతవరకు నన్ను తాతా అనే పిలిచింది.

ఆమె వెళ్లాక కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. అన్నది నిజం కాదు. కొంచెం కూడా కాదా అని నన్ను నేను అడిగాను. అందరినీ అనుమానించేవాణ్ణి నన్ను మాత్రం ఎందుకు వదలాలి? జవాబు దొరికింది గానీ ఇక్కడ రాయను. వేలిముద్ర మాత్రం వెయ్యను.

8. శనివారం

ఓడ వచ్చింది. వెళ్లింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే డాక్టరమ్మ కాగితం పట్టుకుని తాలింఖానాకి వచ్చింది. మొదటిసారి వచ్చింది. ఒక మనిషిని ఇంటికి వెళ్లకుండా ఆపే హక్కు మీకు ఎవరిచ్చారని అడిగింది. మంచం సంగతి చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక సంగిడి రాయి మీద కూర్చుండిపోయింది.

ఆమె ఉండేది ఆఫీసర్ల సొరంగంలో. అక్కడ మనిషికో మంచం. తలుపు మీద ఇద్దరి పేర్లు ఉంటే లోపల రెండు మంచాలు ఉంటాయనుకుందట. చొక్కాలు మంచానికి ఒకటి అంటే మనిషికి ఒకటి అనుకుందట. గెలిచాననుకున్నాను. అప్పుడు ఆమె తలెత్తింది.

"నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ మంచం జోడీ అంటే ఏమిటో మీకు తెలుసు. ఆ అమ్మాయి రెండు షిఫ్టులు చేస్తోందనీ తెలుసు. గాలి గదిలో నిలబడి నిద్రపోతున్నానని మీకే చెప్పిందన్నారు. అన్నీ మీ కళ్ల ముందే ఉన్నాయి. మీరు మాత్రం నన్నే అనుమానిస్తూ కూర్చున్నారు."

కాగితం మీద నా వేలిముద్ర లేని చోటు చూపించాను.

అసిరితల్లి పేరు డాక్టరమ్మ తన చేత్తోనే కొట్టేసింది. ఆ తలుపు రంగు కూడా తీసేసింది. అసిరితల్లికి తనే వెళ్లి చెబుతానంది. నేను చెబుతానన్నాను. మీరు వద్దు అంది. అది కూడా సరైన మాటే.

ఓడ ఖాళీ సీటుతో వెళ్లదు. గడువు తీరి, కావిడి ఎత్తగలిగినవాళ్లు ఎవరున్నారని ఓడవాళ్లు అడిగారు. డాక్టరమ్మా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. ఆ చూపు తప్ప మా ఇద్దరికీ ఇంతవరకు ఏదీ కలవలేదు.

పోలమ్మని నిద్రలేపి తెచ్చారు. ఐదుగురూ వేలాడారు. ఆమె గొంతుక్కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుని మళ్లీ లేచింది, చెప్పకుండానే. గొట్టం కింద నుంచి అటూ ఇటూ చూసి, ఇంకెవరన్నా ఎక్కుతారేమో ఎక్కండి అంది.

తరవాత సంగతి తెలిసి ఏడుపు మొదలుపెట్టింది. ఆ గుంట సీట్లో నేనెలా కూర్చుంటాను, ఆ గుంట నిద్ర తిని బలిసాను, ఇప్పుడు చోటు కూడా తింటానా అని. దాలినాయుడు సముదాయించాడు. నేను వేలిముద్ర వేశాను. ఈసారి ఎవరి మీదా అనుమానం లేకుండా వేశాను, తొడలు చూశాను కనుక.

సాగనంపడానికి అందరూ వచ్చారు. అసిరితల్లి రాలేదు. డ్రిల్లు బండి మీద ఉంది. ఓడ ఎక్కేముందు పోలమ్మ నా దగ్గరికి వచ్చి, ముందు భీమిలి వెళ్లి ఆ పిల్లాణ్ణి చూసే మా ఊరు వెళతానని అసిరితల్లికి చెప్పమంది. నేను చెబితే వినదన్నాను. అయితే ఊరికే ఉండు అంది.

9. ఆదివారం, కొన్ని వారాల తరవాత

రాయడానికి ఏమీ లేక ఇన్నాళ్లూ రాయలేదు.

తాలింఖానా ఇంకా తాలింఖానాగానే ఉంది. కొట్టు కాగితాన్ని డాక్టరమ్మ వాయిదా వేయించింది. ఎందుకు వేయించిందో చెప్పలేదు. నేను కనిపెడుతూనే ఉన్నాను. ఓడలో ఇంకొన్ని రావడంతో చొక్కాలు ఇప్పుడు మనిషికి ఒకటి. అయినా వారానికోసారి ప్రతివాడూ నా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుని లేవాలని కొత్త కట్టడి పెట్టింది. ఆమె కూడా వచ్చింది. మొదటిసారి లేవలేకపోయింది. నేను ఏమీ అనలేదు. అననందుకు నా మీద ఆమెకి అనుమానం వచ్చినట్టుంది.

అసిరితల్లి ఒక్క షిఫ్టే చేస్తోంది. మంచం మీద పడుకుంటోంది. షిఫ్టు దిగి తాలింఖానాకి వస్తోంది. నాతో మాట్లాడదు. పటానికి దండం పెడుతుంది, తాళ్లు లాగుతుంది, బస్కీలు తీస్తుంది, వెళుతుంది. బస్కీ తప్పుగా తీస్తుంటే నేను పక్కవాడికి చెబుతాను, ఆమె విని సరిచేసుకుంటుంది. పక్కవాడికి ఏమీ అర్థం కాదు.

నిన్న భూమి నుంచి ఒక బొమ్మ వచ్చింది. వంటింటి గోడ మీద వేశారు. పోలమ్మ భీమిలి ఇసుకలో నిలబడి ఉంది. చంకలో తవుడు. వాడి కాళ్లు ఆమె మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. ఇంత పెద్దవాణ్ణి చంకనేసుకుంటారా అని దాలినాయుడు అన్నాడు. అసిరితల్లి కంచం కింద పెట్టి చూసింది. అన్నం పూర్తిగా తిని, కంచం కడిగి వెళ్లింది.

సాయంత్రం తాలింఖానాకి వచ్చి తాళ్ల దగ్గరికి వెళ్లకుండా నా ముందు నిలబడింది.

"ఎంత బరువున్నాడంటాది?"

అడిగి చెబుతానన్నాను.

ఇవాళ పోలమ్మ జవాబు వచ్చింది. బరువేమీ లేడు, పిల్లిపిల్లలా ఉన్నాడు, ఒంటి చేత్తో ఎత్తానని. ఆ మాట అసిరితల్లికి చెప్పాను. ఆమె మంచు బస్తాలు తెచ్చి దానికి తగ్గట్టు నడుముకి కట్టుకోబోయింది.

ఆగమన్నాను. పోలమ్మ మాట నమ్మడానికి లేదు. ఆ తొడలకి ఇప్పుడు ఏదీ బరువు కాదు. పైగా పిల్లాడు ఈ ఏడాదిలో పెరుగుతాడు కూడా. ఇంకో రెండు బస్తాలు ఎక్కువే కట్టుకోమన్నాను.

కట్టుకుంది.